ఇల్లు మొదలుపెట్టినవాళ్ళు ఒక్కసారి చదవండి

అన్నలకు, అక్కలకు నమస్తే. చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతే సోలార్ గీజరా, వాన నీటి సంపా అని నిన్న అడిగారు కదా. నా మాట సంపుకే.

మన నల్లగొండ బోరు నీళ్ళ సంగతి తెలిసిందే. ఎంత కాచినా ఫ్లోరైడ్ పోదు. వాన నీళ్ళకు ఆ బాధ లేదు. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే, వృథా పోగా 700 లీటర్ల దాకా సంపులోకి దిగుతాయి. తొలి వాన నీళ్ళు మాత్రం బయటికి వదిలేయండి, స్లాబు మీది దుమ్మంతా వాటిలోనే ఉంటుంది. మూత గట్టిది పెట్టండి, పిల్లలు తిరిగే ఇళ్ళు.

పైగా సంపు ఇప్పుడే తవ్వాలి. ముందర బండలు పరిచాక తవ్వడమంటే పెద్ద టెన్షన్. సోలార్ రెండేళ్ళ తర్వాతైనా పెట్టుకోవచ్చు. ప్లాస్టరింగ్‌కు ముందే స్లాబు పైనుంచి బాత్రూమ్ దాకా వేడినీళ్ళ సీపీవీసీ పైపు వేయించి ఉంచండి చాలు. మేము అది మరిచిపోయి, కొత్త టైల్స్ పగలగొట్టించాం. అప్పుడు మా అమ్మ పడ్డ బాధ ఇంకా గుర్తుంది.

మేస్త్రీతో మాట్లాడే ముందు మీ స్లాబు కొలత ఇక్కడ పెట్టండి, సంపు సైజు కలిసి లెక్కేద్దాం.