తిత్లీ నాటి మా పెదనాన్న

సంపాదకులకు నమస్కారం.

ఉద్దానంలో కొబ్బరి రైతు అయిన మా పెదనాన్న గత వారం కాలం చేశారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసకు సమీపంలో తీరం దాటినప్పుడు ఆయన తోటంతా నేలకూలింది. ఊళ్లో కరెంటు లేదు, తాగునీరు లేదు. ఆయన పడిన చెట్ల బొండాలు కొట్టించి దారినపోయే వారందరికీ పంచారు. "చెట్టెక్కే శ్రమ తప్పింది, తాగండి!" అంటూ ఏడుస్తున్నవాళ్లను కూడా నవ్వించారు. ఆ రాత్రి పెరట్లో గాడిపొయ్యి తవ్వించి వీధి వీధంతటికీ పప్పన్నం వండించారు.

పేకాటలో మనవలకు కావాలనే ఓడిపోయేవారు. పెళ్లిళ్లలో డప్పు మోగితే ముందు అడుగు ఆయనదే. కాపుకు ఏళ్లు పడుతుందని తెలిసీ మళ్లీ మొక్కలు నాటారు.

నష్టపరిహారం జాబితాల్లో ఇలాంటి మనుషులు కనిపించరు. వచ్చే అక్టోబరులోనైనా ఆనాడు పొరుగువారికి అన్నం పెట్టిన వారి గురించి మీ జిల్లా పేజీలో రాయించండి.

– ఒక పాఠకురాలు, పలాస, శ్రీకాకుళం జిల్లా