అణువు కదలికను 'చూశారు' సరే, ఎలా చూశారో రాయండి

సంపాదకులకు నమస్కారం.

లేజర్ కాంతితో అణువుల కదలికను గమనించే పరిశోధనల గురించి వార్త వచ్చిన ప్రతిసారీ, 'అణువును వీడియో తీశారు' అనే ధోరణిలోనే రాస్తున్నారు. పక్కనే ఒక రంగుల బొమ్మ వేస్తారు. అందులో పరమాణువులు గోళీల్లా ఊగుతుంటాయి, మధ్యలో బంధం తెగిపోతుంటుంది. ఆ బొమ్మలో కొలిచి తెలుసుకున్నది ఎంత, కంప్యూటర్‌తో లెక్కగట్టి గీసింది ఎంత అన్నది మాత్రం ఉండదు. నా ఫిర్యాదు దాని గురించే.

జరిగే పని ఇది. మొదటి లేజర్ పల్స్ (అతి తక్కువసేపు ఉండే కాంతి మెరుపు) అణువులను కుదిపి కదలికను మొదలుపెడుతుంది. కాసింత ఆగి వచ్చే రెండో పల్స్, అప్పటికి వాటి స్థితి ఏమిటో తెలిపే సంకేతాన్ని రాబడుతుంది. ఆ 'కాసింత'ను కొలిచేది ఫెమ్టోసెకన్లలో, అంటే సెకనులో పది కోట్ల కోట్లవ వంతుల్లో. మామూలు కెమెరా షట్టర్ దాన్ని అందుకోలేదు. అందుకని కాలాన్ని దూరంగా మార్చేస్తారు. రెండో పల్స్ దారిలోని అద్దాన్ని 0.15 మైక్రోమీటర్లు వెనక్కి జరిపితే, కాంతి వెళ్లి రావడానికి ఒక ఫెమ్టోసెకను ఎక్కువ పడుతుంది. (ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఈ ఉపాయమే. ఏ వార్తలోనూ ఇది కనిపించదు.) కొలవడం, అద్దం జరపడం, ప్రయోగం మొదటి నుంచి చేయడం, ఇలా వేలసార్లు సాగుతుంది. కాబట్టి తెర మీద వరసగా కనిపించేది ఒక్క అణువు కథ కాదు. ఒకే క్షణాన బయలుదేరదీసిన అసంఖ్యాక అణువుల సగటు.

దొరికే సంకేతం కూడా బొమ్మ కాదు. 1999లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న అహ్మద్ జెవైల్ బృందం సోడియం అయొడైడ్ మీద చేసిన ప్రయోగాన్నే చూడండి. అందులో రెండు పరమాణువులూ దూరం జరుగుతూ, దగ్గరవుతూ ఊగుతాయి. దూరం జరిగిన ప్రతిసారీ కొన్ని అణువులు విడిపోతాయి. శాస్త్రవేత్తల చేతికి వచ్చింది విడిపోయిన సోడియం నుంచి వచ్చే కాంతి మెట్లుమెట్లుగా పెరిగిన గీత. ఆ మెట్ల మధ్య వ్యవధి దాదాపు ఒక పికోసెకను, అంటే వెయ్యి ఫెమ్టోసెకన్లు. దాన్ని బట్టి, సిద్ధాంతంతో పోల్చి, కదలికను అర్థం చేసుకున్నారు. ఆ గీతనే అచ్చు వేస్తే పాఠకులు పారిపోతారా? నేననుకోను.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. క్వాంటమ్ నియమాల ప్రకారం ఒకే ఒక శక్తి స్థాయిలో ఉన్న అణువులో గమనించదగ్గ కదలికే ఉండదు. దాని పరమాణువులు ఎక్కడ ఉండొచ్చన్న సంభావ్యత కాలంతో మారదు. లేజర్ పల్స్ ఎంత పొట్టిదైతే అందులో శక్తుల విస్తృతి అంత ఎక్కువ. అది ఒకేసారి అనేక స్థాయిలను కలిపి ప్రేరేపించడం వల్లే తరంగపు ముద్ద (అనేక స్థాయిల తరంగాలు కలిసి ఒక చోట గుమిగూడినది) ఒకటి ఏర్పడి కదులుతుంది. అంటే మనం చూసే నాట్యాన్ని లేజరే మొదలుపెట్టించింది. 'అణువు రహస్య జీవితం' వంటి శీర్షికలకు ఇక్కడ చోటు లేదు.

2023 భౌతికశాస్త్ర నోబెల్ వార్తల్లో మరో గందరగోళం కనిపించింది. ఆగొస్తిని, క్రౌజ్, లూయిలియేలకు బహుమతి వచ్చింది ఎలక్ట్రాన్ల కదలికకు సరిపోయే అట్టోసెకను (ఫెమ్టోసెకనులో వెయ్యో వంతు) పల్స్‌లకు. బరువైన పరమాణు కేంద్రకాల ఊపుకు ఫెమ్టోసెకన్లు చాలు. రెంటినీ కలిపేస్తే రెండూ అర్థం కావు.

స్థలం చాలదంటారేమో. 'త్వరలో కొత్త మందులు' అని రాయడానికి స్థలం దొరుకుతోంది కదా! కంటిలోని రెటినల్ అణువు కాంతి తగిలిన సుమారు 200 ఫెమ్టోసెకన్లలో మెలిక తిరుగుతుందన్న నిజం ఆ వాగ్దానం కన్నా ఆసక్తికరం. పైగా ఇది జనం సొమ్ముతో నడిచే విజ్ఞానం. 2017లో జర్మనీలో మొదలైన యూరోపియన్ ఎక్స్‌-రే లేజర్ నిర్మాణానికే వంద కోట్ల యూరోలకు పైగా అయింది.

ఇకపై ఇలాంటి వార్త వేసేటప్పుడు బొమ్మ కింద ఒక్క పంక్తి చేర్చండి: ఇది కొలత ఫలితమా, కంప్యూటర్ లెక్కా, చిత్రకారుడి ఊహా? పరిశోధనశాల పంపిన ప్రకటనలో ఆ వివరం లేకపోతే, అచ్చుకు ముందే అడిగి తెలుసుకోండి.

ఇట్లు,
ఒక పాఠకుడు