ఫిజిక్స్ పాఠం వదిలేసి ఫార్ములాలే చదివితే ఎలా?

సంపాదకులు గారికి నమస్కారం.

నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి గరిష్ఠ ఎత్తుకు చేరిన ఆ క్షణంలో దాని త్వరణం, అంటే వేగం మారే రేటు, ఎంతో ఫిజిక్స్ కొత్తగా మొదలుపెట్టిన పిల్లల్ని అడిగి చూడండి. సున్నా అనేవాళ్లు చాలామందే ఉంటారు. సున్నా అయ్యేది వేగం. త్వరణం అప్పుడు కూడా కిందివైపు 9.8 మీటర్లు పర్ సెకండ్ స్క్వేరే, అది కూడా సున్నా అయితే బంతి కిందికి రాకుండా అక్కడే ఉండిపోవాలి కదా! ఇదే పిల్లలు 'వి ఈజ్ ఈక్వల్ టు యు ప్లస్ ఏటీ' (చివరి వేగం = మొదటి వేగం + త్వరణం × కాలం) అనే ఫార్ములాలో అంకెలు వేసి ఆ బంతి ఎన్ని సెకన్లకు కిందపడుతుందో మాత్రం టకటకా చెప్పేస్తారు.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. పాఠంలో వివరణ ఉన్న పేజీలన్నీ తిప్పేసి, చివర ఫార్ములాల పట్టిక దగ్గర ఆగి, అక్కడినుంచి నేరుగా లెక్కల్లోకి దూకేస్తున్నారు. ఆ ఫార్ములా త్వరణం మారకుండా ఉన్నప్పుడే పనిచేస్తుందన్న ఒక్క వాక్యం ఆ తిప్పేసిన పేజీల్లోనే ఉండిపోతుంది.

ప్రతి చర్యకీ సమానమైన, వ్యతిరేక దిశలో ప్రతిచర్య ఉంటుందనే న్యూటన్ మూడో నియమానిదీ ఇదే గతి. బల్ల మీద పుస్తకం ఉంటే, దాని బరువూ బల్ల పైకి నెట్టే బలమూ చర్య, ప్రతిచర్య అని రాసేస్తారు. ఆ రెండూ పనిచేసేది ఒకే పుస్తకం మీద, నియమం చెప్పే జత మాత్రం ఎప్పుడూ రెండు వేర్వేరు వస్తువుల మీద ఉంటుంది. భూమి పుస్తకాన్ని లాగుతుంటే పుస్తకం భూమిని అంతే బలంతో లాగడం, అదీ జత. అనుమానముంటే ఆ బల్లని లిఫ్టులో పెట్టినట్టు ఊహించండి, లిఫ్టు పైకి వేగం పుంజుకునేటప్పుడు బల్ల నెట్టే బలం పుస్తకం బరువు కంటే ఎక్కువవుతుంది, నిజమైన జత అయితే అలా తేడా రానే రాదు.

పెద్ద యూనివర్సిటీల్లోనూ ఇంతే లెండి. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ప్రొఫెసర్ 1990 ప్రాంతంలో తన విద్యార్థులకు లెక్కలేవీ లేని ఇలాంటి ప్రశ్నలే ఇస్తే, మీరు చెప్పిన ప్రకారం రాయాలా, నేను మామూలుగా అనుకునే ప్రకారం రాయాలా అని ఒక విద్యార్థి అడిగారట. ఆ తర్వాత ఆయన పాఠం చెప్పే పద్ధతే మార్చేసుకున్నారు.

పిల్లల్ని తిట్టి లాభం లేదు, మార్కులు ఎక్కడుంటే వాళ్లు అదే చదువుతారు. అందుకని నేను అడిగేది పేపర్ సెట్ చేసేవాళ్లని. ప్రతి పాఠం నుంచి అంకె ఒక్కటీ లేకుండా, 'ఎందుకో మీ మాటల్లో రాయండి' అనే ప్రశ్న ఒకటి తప్పనిసరిగా ఇవ్వండి, చాయిస్‌లో వదిలేసే వీలు లేకుండా. దిద్దడానికి టైమ్ పడుతుంది, ఒప్పుకుంటాను, అయినా రెండు మూడు వాక్యాల జవాబే కదా. పుస్తకాలు వేసేవాళ్లు కూడా ఆ పట్టికలో ప్రతి ఫార్ములా పక్కన అది ఎప్పుడు పనికిరాదో ఒక లైను వేస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ టీచర్