మా మాటతీరు తెరమీద వినిపించాలంటే రోజుకు ఒక్క ఆట చాలు

సంపాదకులకు నమస్కారం.

స్వతంత్రంగా సినిమాలు తీస్తున్న చిన్న నిర్మాణ సంస్థల గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. పెట్టుబడి, ఓటీటీ హక్కులు, పంపిణీ గురించి విపులంగానే రాశారు గానీ, ఆ సంస్థల సినిమాల కోసం ఎవరు ఎదురుచూస్తున్నారన్నది అందులో రాలేదు. ఎదురుచూసేవాళ్ళలో ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువాళ్ళం మేమూ ఉన్నామని చెప్పడానికే ఈ ఉత్తరం.

2018 సెప్టెంబరులో ‘కేరాఫ్ కంచరపాలెం’ విడుదలైనప్పుడు నేను విశాఖపట్నంలో మా అమ్మాయి ఇంట ఉండి ఆ సినిమా చూశాను. అమెరికాలో గుండె వైద్యురాలైన పరుచూరి ప్రవీణ తన సొంత సంస్థ ద్వారా నిర్మించగా వెంకటేశ్ మహా దర్శకత్వం వహించిన ఆ చిత్రంలో ఎనభై మందికి పైగా కొత్తవాళ్ళు నటించారు. వాళ్ళలో ఎక్కువమంది విశాఖలోని కంచరపాలెం వాసులే. ‘ఏటి’, ‘వచ్చీసినాను’, ‘ఎల్లిపోనాడు’ అనే ఉత్తరాంధ్ర మాటతీరు మా అమ్మది, మా మేనమామలది. అది సినిమాలో వినిపించిందంటే పక్కన ఎవరో నవ్వడానికి సిద్ధమవుతారన్న అనుభవంతోనే నేను పెరిగాను. ఎన్నో ఏళ్ళుగా ఆ యాసను పనివాళ్ళ పాత్రలకూ హాస్యపాత్రలకూ పరిమితం చేసిన తెరమీద, అదే మాటతో ప్రేమించేవాళ్ళు, పోగొట్టుకునేవాళ్ళు, వయసు మీరాక కూడా ఆశ వదలనివాళ్ళు కథ మొత్తాన్ని నడిపించడం చూసి ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఒక్క సినిమాతో ఆగిపోయే సంస్థలు చాలా ఉన్నాయి. ప్రవీణ సంస్థవాళ్ళు ఆగలేదు. 2020లో మరో సంస్థతో కలిసి, మా ఒడిశాలోని కొరాపుట్ జిల్లాకు ఆనుకొని ఉన్న అరకు నేపథ్యంగా ‘ఉమా మహేశ్వర ఉగ్ర రూపస్య’ తీశారు. 2025లో వచ్చిన ‘కొత్తపల్లిలో ఒకప్పుడు’ చిత్రానికి ప్రవీణే దర్శకురాలు. వేరే వృత్తిలో స్థిరపడిన మనిషి సొంత డబ్బు పెట్టి, పేరున్న నటులు లేకుండా మొదలుపెట్టిన ప్రయాణం ఇంతదూరం రావడం మామూలు సంగతి కాదు.

ఇదంతా చెప్పడానికి కారణం మా ఊళ్ళోనే ఉంది. వాడుకభాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడిన పర్లాకిమిడి ఇది. ఆయన సవర అనే గిరిజన భాష నేర్చుకొని దానికి నిఘంటువు కూర్చినది కూడా ఇక్కడి సవరల మధ్య తిరిగిన అనుభవంతోనే. మొన్నటి వేసవిలో ఇక్కడి కుర్రాళ్ళు నలుగురు ఒక చిన్న సంస్థగా ఏర్పడి గంటన్నర సినిమా తీశారు. రెండు రోజులు మా వీధి అరుగుమీదే చిత్రీకరణ జరిగింది. డబ్బింగ్ చెప్పించకుండా అక్కడికక్కడే గొంతు రికార్డు చేయాలన్నది వాళ్ళ పట్టుదల. ఒక కుర్రాడు పొడుగు కర్ర చివర బొచ్చు తొడుగేసిన మైకు కట్టి చేతులు వణుకుతున్నా దించకుండా నిలబడ్డాడు, ఫ్యాన్లు ఆపేశారు, పక్కింటి నీళ్ళ మోటారు ఆగేదాకా ఆ ఉక్కలో ముప్పావుగంట అందరం కదలకుండా కూర్చున్నాం. మోటారు ఆగాక, మా వీధిలో ఇడ్లీలు అమ్మే డెబ్బయ్యేళ్ళ పెద్దావిడ గుమ్మంలో నిలబడి ‘ఏటి బాబూ, ఇప్పుడొచ్చినావా, తినీసెల్లు’ అని, అదే ఊపిరిలో గేటు దగ్గరున్న ఒడియా పెద్దాయన్ని ‘మావుసా’ (ఒడియాలో బాబాయి) అని పిలిచింది. ఏ డబ్బింగ్ థియేటర్లోనూ ఆ పిలుపు పుట్టదు.

సినిమా పూర్తయ్యాక హైదరాబాదులో కొనేవాళ్ళకు చూపిస్తే, ఆవిడ గొంతు తీసేసి ‘అందరికీ అర్థమయ్యే తెలుగు’ చెప్పిస్తే కొనే విషయం ఆలోచిస్తామన్నారట. కుర్రాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళు చేసింది సరైన పని అని నేను గట్టిగా నమ్ముతున్నాను. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రాన్ని భాషను బట్టి ఎంచుతారు గానీ రాష్ట్రాన్ని బట్టి కాదు కదా. పర్లాకిమిడిలో తీసినదీ తెలుగు సినిమాయే.

ఆపైన వాళ్ళు మా ప్రాంతంలోని ఒక హాలుకు వెళ్తే, వారం అద్దె ముందే కట్టాలని, డిజిటల్ ప్రదర్శన ఛార్జీలు (హాల్లో సినిమా వేసే డిజిటల్ యంత్రాల సంస్థలకు నిర్మాత కట్టేవి) వేరని చెప్పారు. ఆ ఛార్జీల భారం మోయలేకనే 2018 మార్చిలో తెలుగు నిర్మాతలందరూ కలిసి హాళ్ళకు సినిమాలు ఇవ్వడం మానేసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పెద్ద నిర్మాతలకే బరువైనది నలుగురు కుర్రాళ్ళకు ఎలా సాధ్యం? అద్దె పద్ధతిలో హాలు ఖాళీగా ఉన్నా నష్టం నిర్మాతదే. టిక్కెట్ల మీద వచ్చినదాన్ని వాటాలు వేసుకుంటే ఇద్దరూ కొంత కొంత భరిస్తారు.

అందుకని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం హాళ్ళ యజమానులకు నాదొక విన్నపం. పండగలకు పెద్ద హీరోల సినిమాలు వేయండి, మేమూ వస్తాం. కానీ స్వతంత్ర సంస్థల తెలుగు సినిమా ఏదైనా వచ్చినప్పుడు వారంపాటు రోజుకు ఒక్క ఆట, అదీ పనులు ముగించుకొని జనం రాగలిగే సాయంత్రం వేళ, వాటా పద్ధతిమీద ఇవ్వండి. ఈ ఊళ్ళలోని తెలుగు సంఘాలు ఉగాదికి కవిసమ్మేళనాలు పెట్టినంత శ్రద్ధగా ఆ వారం టిక్కెట్లు అమ్మే బాధ్యత తీసుకోవాలి. మీ పత్రిక జిల్లా పేజీలో ఆట వేళలు వేస్తే మరికొంతమందికి తెలుస్తుంది.

మా కుర్రాళ్ళ సినిమా హార్డ్‌డిస్కు ప్రస్తుతం మా ఇంటి బీరువాలోనే ఉంది. హాలు దొరికిన రోజున మొదటి ఆటకు ముప్పై టిక్కెట్లు మా విశ్రాంత ఉపాధ్యాయులం కొంటామని ఇప్పటికే మాట్లాడుకున్నాం. ఇడ్లీల పెద్దావిడకు ముందు వరసలో కుర్చీ ఉంచుతాం.

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా