దొంగ ఆఫర్ లెటర్ల వెనక 90 రోజుల లెక్క

సంపాదకుడు గారికి,

నమస్కారం. అమెరికాలో మాస్టర్స్ పూర్తిచేసిన మన పిల్లలు దొంగ ఆఫర్ లెటర్లు కొంటున్నారనీ, వాళ్లవల్ల మిగతావాళ్లకూ చెడ్డపేరు వస్తోందనీ ఈ మధ్య మీ పత్రికలో చదివాను. కాదనను. నేనూ అక్కడే చదివి, ఓపీటీ మీదే మొదటి ఉద్యోగంలో చేరినవాణ్ణి. లెటర్లు కొన్నవాళ్లను చూశాను, అమ్మేవాళ్లతో ఫోన్లో మాట్లాడాను. అయితే ఆ కథనం చదివితే ఇదంతా పిల్లల దురాశ అనిపిస్తుంది. నాకు తెలిసినవాళ్లలో చాలామందిని అటు తోసింది ఆశ కాదు, క్యాలెండరు. ఆ సంగతి చెప్పాలనే ఈ ఉత్తరం.

ఓపీటీ అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదివినవాళ్లు తమ చదువుకు సంబంధించిన పని 12 నెలలు చేసుకోవచ్చు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సులవాళ్లకు, ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఇ-వెరిఫైలో ఉన్న కంపెనీలో చేరితే, ఇంకో 24 నెలలు కలుస్తాయి. 2023-24 విద్యా సంవత్సరంలో అక్కడున్న 3,31,602 మంది భారతీయ విద్యార్థుల్లో 97,556 మంది ఓపీటీ మీదే ఉన్నారు. వాళ్లలో మన తెలుగువాళ్లు ఎంతమందో మీ పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు.

డిగ్రీ పట్టా చేతికొచ్చినంత మాత్రాన ఈ అనుమతి రాదు. ముందు కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్ఓ) ప్రభుత్వ విద్యార్థి రికార్డుల వ్యవస్థ సెవిస్‌లో సిఫారసు నమోదుచేసి, విద్యార్థి అర్హతను చూపే ఐ-20 పత్రం కొత్తది ఇవ్వాలి. అది నమోదైన 30 రోజుల్లోపు పని అనుమతి కోరే ఐ-765 దరఖాస్తు అమెరికా వలస సేవల విభాగం యూఎస్‌సీఐఎస్‌కు చేరాలి. అది కూడా కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల లోపే. నా రూమ్మేట్ ఒకడు కొత్త ఐ-20 రాకముందే, తర్వాత జతచేయొచ్చులే అనుకుని, పాత దానితోనే ఆన్‌లైన్‌లో పంపేశాడు. తిరస్కరించారని తెలిసేసరికి 60 రోజులూ దాటిపోయాయి. కట్టిన ఫీజూ పోయింది. వాడు ఉద్యోగం కోసం రాసిన కోడింగ్ పరీక్షలన్నీ పక్కనపెట్టి, దేశంలో ఉండటానికి ఇంకో కోర్సులో చేరాడు. ఇంకో అప్పు.

అసలు చిక్కు మాత్రం దరఖాస్తులో మనమే వేసే ఒక తేదీ దగ్గర ఉంది. పని ఎప్పటినుంచి మొదలుపెడతావని అడుగుతారు. కోర్సు ముగిసిన మర్నాటి నుంచి 60 రోజుల లోపు ఏదో ఒక రోజు రాయాలి. ఉద్యోగం ఉందో లేదో తెలియకుండానే, చాలాసార్లు నెలల ముందే రాయాలి. సంబంధం కుదరకముందే ముహూర్తం పెట్టించుకున్నట్టు. దగ్గరి తేదీ వేస్తే ఉద్యోగం లేకుండానే లెక్క మొదలవుతుంది. దూరపు తేదీ వేస్తే, ఈలోగా ఆఫర్ వచ్చినా చేరడానికి వీల్లేదు. ఆమోదం వచ్చాక ఆ తేదీ ఇక మారదు.

లెక్క అంటున్నది నిరుద్యోగ దినాల లెక్క, పిల్లల మాటల్లో కౌంటర్. 12 నెలల్లో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. శని, ఆదివారాలు, పండగ సెలవులు అన్నీ అందులోకే వస్తాయి. స్టెమ్ పొడిగింపు వస్తే ఇంకో 60 కలిసి 150 అవుతాయి. ఆ 90 రోజుల నియమం 2008లో వచ్చింది. ఊరికే కూర్చోకుండా పనిలో ఉండాలన్నది దాని ఉద్దేశం, అందులో తప్పుపట్టడానికేమీ లేదు. నేను తప్పుపట్టేది ఆ గడియారం ఎప్పుడు మొదలవుతుందన్న దాన్ని.

నా సంగతే చెబుతాను. కోర్సు అయిపోగానే అద్దె తక్కువని ఇల్లు మారాను. కొత్త చిరునామా నమోదుచేశాను కానీ, అప్పటికే ఓపీటీ పని అనుమతి కార్డు పాత ఇంటికి బయల్దేరింది. అక్కడ తీసుకునేవాళ్లు లేక వెనక్కి వెళ్లింది. మళ్లీ నా చేతికొచ్చేసరికి కార్డు మీదున్న మొదలు తేదీ దాటి 33 రోజులైంది. ఆ కార్డు లేనిదే ఏ కంపెనీ నన్ను పనిలో పెట్టుకోవడానికి వీల్లేదు. కానీ నేను పనిలేనివాడిగా గడిపిన రోజుల్లో ఆ 33 కూడా జమ అయ్యాయి. చేతులు కట్టేసి, ఈత రాలేదేమని అడిగినట్టుంది అనుకున్నాను. (ఇల్లు మారిన తప్పు నాదేనని మా నాన్న ఇప్పటికీ అంటారు. ఆయన మాటా నిజమే.)

సరిగ్గా అప్పుడే మొదలవుతాయి ఫోన్లు. నా నంబరు వాళ్లకెలా వెళ్లిందో ఈరోజుకీ తెలియదు. పలకరింపు భలే ఆప్యాయంగా ఉంటుంది. "తమ్ముడూ, కౌంటర్ ఎంతకొచ్చింది?" యాభై దాటిందన్నాను. "టెన్షన్ పడకు, మేం ఆపేస్తాం. ఆఫర్ లెటర్ పంపిస్తా, పోర్టల్‌లో మా కంపెనీ పేరు, ఈఐఎన్ ఎక్కించుకో. జీతం సంగతి ప్రాజెక్టు వచ్చాక చూద్దాం." అంతే. ఉద్యోగ వివరాలు నమోదుచేసే ప్రభుత్వ పోర్టల్‌లో కంపెనీ పేరు, దాని పన్ను నంబరైన ఈఐఎన్ నింపేది విద్యార్థే కాబట్టి రెండు నిమిషాల పని. కౌంటర్ ఆగిపోతుంది, రాత్రి నిద్రపడుతుంది. నాలుగేళ్ల తర్వాత హెచ్-1బీ ఉద్యోగ వీసా దగ్గరో, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ దగ్గరో ఆ నెలల పే స్లిప్పులు చూపించమన్నప్పుడు మాత్రం ఆ అన్నయ్య ఫోన్ ఎత్తడు. 2025 మే నెలలో, 90 రోజులు దాటినా ఉద్యోగ వివరాలు కనబడనివాళ్లకు 15 రోజుల గడువుతో నోటీసులు వెళ్లాయి. ఇలాంటి భయం పుట్టినప్పుడల్లా ఆ ఫోన్లు చేసేవాళ్లకు మంచి గిరాకీ.

నేను కొనలేదు. నీతిమంతుణ్ణని కాదు, వాళ్లడిగిన డబ్బు నా దగ్గర లేదు. 61వ రోజున మా కాలేజీ సీనియర్ ఒకామె చెప్పింది: మొదటి 12 నెలల ఓపీటీలో జీతం లేని పని కూడా లెక్కలోకి వస్తుంది, చదువుకు సంబంధించినదై ఉండాలి, వారానికి కనీసం 20 గంటలు చేయాలి, కార్మిక చట్టాలకు అడ్డు రాకూడదు. ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో డేటా పని చేశాను. గంటలు రాసిపెట్టుకున్నాను, వాళ్లతో ఉత్తరం తీసుకున్నాను. నా కౌంటర్ సక్రమంగానే ఆగింది. ఇది దొంగదారి కాదు, నిబంధనల్లో ఉన్నదే. అయినా ఆ ఏడాది మా అపార్ట్‌మెంట్‌లోని ఆరుగురిలో ఒక్కరికీ తెలియదు. దొంగ లెటర్ ఎంతకు దొరుకుతుందో మాత్రం ఆరుగురికీ తెలుసు. స్టెమ్ పొడిగింపులో ఈ వెసులుబాటు లేదు, అక్కడ జీతం ఉండాల్సిందే.

డబ్బున్నవాళ్లకు ఇంకో దారి ఉంది. ఐ-765 మామూలు ఫీజు 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో అయితే 470 డాలర్లు. దానిపైన ప్రీమియం కడితే 30 పనిదినాల్లో తేలుస్తారు. 2023లో 1,500 డాలర్లతో మొదలైన ఆ ప్రీమియం ఏడాది తిరక్కుండానే, 2024 ఫిబ్రవరిలో, 1,685 అయింది. ఉద్యోగం లేని పిల్లవాడు ఉద్యోగం చేసుకునే అనుమతి కోసం కట్టే సొమ్ము ఇది! పైగా కార్డు తొందరగా వచ్చినా, వేసిన తేదీ ముందుకు జరగదు.

గడియారాన్ని కార్డు విద్యార్థి చేతికందిన రోజు నుంచి మొదలుపెట్టమనడం గొంతెమ్మ కోరికేం కాదు. 2021 మొదట్లో దరఖాస్తులు తీసుకునే కేంద్రాల్లో ఆలస్యం జరిగినప్పుడు, కోర్సు ముగిశాక 14 నెలల్లోపు ఓపీటీ పూర్తికావాలన్న గడువును ఆమోదం వచ్చిన తేదీ నుంచి లెక్కవేశారు. అప్పుడు కుదిరినది ఇప్పుడెందుకు కుదరదు? అక్కడి మన తెలుగు సంఘాలకు అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ సభ్యులతో పరిచయాలున్నాయి, ఫొటోలూ ఉన్నాయి. వేదికల మీద శాలువాలు కప్పే శ్రద్ధలో కొంత దీని మీద పెట్టొచ్చు. చట్టం మారేదాకా ఆగక్కర్లేని పని కూడా ఒకటుంది. సంఘాల్లో ఇంజనీర్లున్నారు, వెబ్‌సైట్లున్నాయి, లెక్కలు రాసే పనులున్నాయి. కౌంటర్ నడుస్తున్న పిల్లలకు వారానికి 20 గంటల నిజమైన పని ఇచ్చి, నిజమైన ఉత్తరం ఇవ్వొచ్చు. అయితే అది వాళ్ల చదువుకు సరిపోయే పనే కావాలి, వంటల కమిటీలో వడ్డన కాదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. వీసా వార్తలు మొదటి పేజీలో వేస్తారు, మంచిదే. మే నెలలో చదువు ముగిసేవాళ్లు ఫిబ్రవరి నుంచే దరఖాస్తు చేసుకోవచ్చని, తేదీ ఎలా ఎంచుకోవాలని ఏటా జనవరిలో ఒక్కసారి వేయండి. తల్లిదండ్రులు చదువుతారు. ఫోన్ చేసినప్పుడల్లా "ఉద్యోగం వచ్చిందా" అనే బదులు "ఎన్ని రోజులైంది" అని అడుగుతారు.

మొన్న నాకు మళ్లీ ఫోన్ వచ్చింది. అదే గొంతు కాకపోవచ్చు, మాట అదే: "తమ్ముడూ, కౌంటర్ ఎంతకొచ్చింది?" నా ఓపీటీ అయిపోయి చాలాకాలమైందని చెప్పాను. "అయితే జూనియర్లెవరైనా ఉంటే నంబర్లు పంపు" అన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు, డల్లాస్