మచ్చా, ముందు ఆ బ్రౌజర్ మార్చేయ్

మచ్చా,

ఎట్లుండావు? మొన్న రాత్రి ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా చెప్పలేకపోయినా. ఆ రోజు తిరుమల కొండ టికెట్లు రిలీజయినాయి కదా, మా ఇంటర్నెట్ షాపులో జనం, ఊపిరాడలేదు. ఈరోజు మధ్యాన్నం ఖాళీ, ఎండకి లీలామహల్ సర్కిల్లో మనిషనేవాడు కనపడటం లేదు, అందుకే తీరిగ్గా కూర్చోని టైప్ చేస్తా ఉండా. కొంచెం పెద్దదే, చివరిదాకా చదువు.

ల్యాప్‌టాప్‌లో ఇన్నేళ్లు బాగా పనిచేసిన యాడ్ బ్లాకర్ ఉన్నట్టుండి పోయింది, మళ్ళీ వేసుకుందామంటే క్రోమ్ ఒప్పుకోవటం లేదు, చెడిపోయిందా అని అడిగినావు. చెడిపోలా మచ్చా. నువ్వు వాడిన ఆ బ్లాకర్, యూబ్లాక్ ఆరిజిన్, ఈరోజుకీ బ్రహ్మాండంగా పనిచేస్తా ఉంది, దాన్ని రేమండ్ హిల్ అని ఒకాయన రాసినాడు, రూపాయి డొనేషన్ కూడా తీసుకోడు. మారింది గూగుల్ వాళ్ళ క్రోమ్ బ్రౌజర్. ఎక్స్‌టెన్షన్లకు, అంటే బ్రౌజర్‌కి మనం తగిలించుకునే ఇట్లాంటి చిన్న ప్రోగ్రాములకు, మానిఫెస్ట్ వీ3 అని కొత్త రూల్స్ తెచ్చినారు. ఇంతకుముందు పేజీ లోడయ్యేటప్పుడు ఏది రానివ్వాలి ఏది ఆపాలి అని ఎక్స్‌టెన్షన్ అప్పటికప్పుడు చూసి ఆపేది, ఇప్పుడు ఆ పని బ్రౌజరే చేస్తుంది, ఎక్స్‌టెన్షన్ ముందుగా రూల్స్ లిస్టు రాసి ఇచ్చుకోవాల్సిందే. 2024 నుంచి మెల్లగా పాతవాటిని ఆపుతా వచ్చి 2025లో తలుపు మూసేసినారు. ఆ రూల్స్‌కు తగ్గట్టు యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అని ఒక చిన్న వెర్షన్ ఉంది, అసలు లేనిదానికంటే నయం, అంతే. సెక్యూరిటీ కోసం అంటారు, అందులో కొంత నిజముంది, కాదనను. కానీ గూగుల్ సంపాదనలో పెద్ద ముక్క యాడ్స్ నుంచే కదా, యాడ్స్ అమ్మేవాళ్ళే యాడ్స్ ఎట్లా ఆపాలో రూల్ రాస్తే నాకైతే మింగుడు పడలా.

మొజిల్లా వాళ్ళ ఫైర్‌ఫాక్స్ అని ఇంకో బ్రౌజర్ ఉంది, దాంట్లో ఆ పాత పద్ధతి అట్లే ఉంచినారు. ఇంకా ముఖ్యమైంది ఏందంటే ఆండ్రాయిడ్ ఫోన్లో కూడా యూబ్లాక్ ఆరిజిన్ వేసుకోవచ్చు, ఫోన్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ అనే మాటే లేదు.

మా నాయన సంగతి చెప్తా విను. పొద్దున్నే వసారాలో కాఫీ గ్లాసు పక్కన పెట్టుకోని ఫోన్లో వార్తలు చదువుతాడు. నాలుగు లైన్లు వస్తాయి, మధ్యలో ఒక యాడ్ పైకి లేస్తుంది, దాని మూలలో ఇంటూ మార్కు ఆవగింజంత ఉంటుంది, ఆయన వేలేమో అంత లావు, నొక్కితే యాడే ఓపెన్ అయ్యేది. వెనక్కి వస్తే పేజీ మళ్ళీ మొదటికి. ఒకరోజు ఫోన్ ఎత్తి "నీ ఫోన్ నాకొద్దురా, పేపరే వేయించు" అని నా ఒళ్ళో పెట్టేసినాడు. ఆ సాయంత్రమే ఫైర్‌ఫాక్స్ వేసి, యూబ్లాక్ పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చినా. మరుసటి రోజు చదివి "ఏంరా, అప్పుడే అయిపోయింది, వార్త ఇంతేనా?" అన్నాడు. నిన్నటిదాకా ఆయన వార్త అనుకుంటా కిందికి జరిపినదాంట్లో సగం యాడ్సే మచ్చా, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి, నిజంగా. ఇన్నాళ్ళూ ఇంట్లో పెద్దాయన అంత అవస్థ పడతా ఉంటే పట్టించుకోలేదే అని.

అట్లని యాడ్స్ మీదే బతికే మంచి సైట్లు ఉన్నాయి, నేను రోజూ చదివేవి రెండు మూడు ఉన్నాయి, వాటికి బ్లాకర్ ఆఫ్ చేసి పెట్టినా. వాళ్ళూ బతకాల.

ఇంకోటి, ఇది మన తిరుపతి బాధ. పోయిన నెల కర్నూలు వైపు నుంచి ఒక ముసలాయన, ఆయన భార్య, బస్టాండ్ నుంచి నేరుగా మా షాపుకు వచ్చినారు, కొండమీద రూమ్ బుక్ చేసుకున్నామయ్యా, ఈ కాయితం ప్రింట్ తీసియ్యి అని. చూస్తే దొంగ సైట్. బొమ్మ అంతా దేవస్థానం సైట్ లాగే ఉంది, అడ్రస్ చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ లేదు. ఎట్లా దొరికింది అంటే వెతికితే మొట్టమొదట వచ్చిందంట, పైన స్పాన్సర్డ్ అని సన్నగా ఉండేది, అది ఎవరు చూస్తారు? డబ్బు పోయింది, ఆయమ్మ బెంచీ మీద కూలబడిపోయింది, నీళ్ళిచ్చి కూర్చోబెట్టినా. టీటీడీ వాళ్ళు ఇట్లాంటి దొంగ సైట్ల మీద ఎన్నోసార్లు కేసులు పెట్టినారు, ఒకటి పోతే ఇంకోటి పుడతా ఉంది. యూబ్లాక్ ఉంటే ఆ స్పాన్సర్డ్ రిజల్ట్స్ మామూలుగా కనపడనే కనపడవు. అన్ని మోసాలూ ఆగుతాయని కాదు, ఆ ఒక్క దారి మూసుకుంటుంది. మా షాపులో నాలుగు సిస్టమ్స్‌లోనూ ఇప్పుడు ఇదే.

మన యూనివర్సిటీ రోజులు గుర్తున్నాయా, బాలాజీ కాలనీ నెట్ సెంటర్? నీలం రంగు 'e' అక్షరం బొమ్మ నొక్కితే అదే ఇంటర్నెట్ అనుకునేవాళ్ళం, వేరే బ్రౌజర్ ఉంటుందనే తెలీదు. అది మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్. ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001లో, 7 వచ్చింది 2006లో, మధ్యలో ఐదేళ్లు! పోటీ లేకపోయేసరికి మైక్రోసాఫ్ట్ దాన్ని అట్లే వదిలేసింది. 2004 నవంబర్లో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చి ఒకే విండోలో ట్యాబ్‌లు, పాపప్‌లు ఆపేయడం జనానికి అలవాటు చేసినాకే కదిలింది. ఇప్పుడు మళ్ళీ అదే కథ అవుతా ఉందని నా భయం. ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్, వివాల్డీ, పేర్లు వేరే కానీ లోపల అన్నిట్లోనూ క్రోమ్‌కు పునాది అయిన గూగుల్ క్రోమియమే, మైక్రోసాఫ్ట్ కూడా 2020లో ఎడ్జ్‌ని దానిమీదికే మార్చుకునింది. విడిగా నిలబడిన పెద్ద ఇంజిన్లు, అంటే పేజీని తెరమీద చూపించే లోపలి భాగాలు, ఆపిల్ వాళ్ళ వెబ్‌కిట్, మొజిల్లా వాళ్ళ గెక్కో, అంతే.

పైగా క్రోమ్‌ని మనం ఎంచుకున్నామా? ఫోన్ డబ్బా విప్పేసరికి అందులో ఉంది. ప్లే స్టోర్ కావాలంటే ఇవన్నీ కలిపే పెట్టాల అని ఫోన్ కంపెనీలకు షరతు పెట్టడం గురించి మన కాంపిటిషన్ కమిషన్ (కంపెనీల మధ్య పోటీ సరిగ్గా ఉందా అని చూసే సర్కారు సంస్థ) 2022 అక్టోబర్లో గూగుల్‌కు 1,337.76 కోట్ల ఫైన్ వేసింది, అందులో బ్రౌజర్ సంగతి కూడా ఉంది.

ఫైర్‌ఫాక్స్‌లో తక్కువలు లేవా అంటే ఉన్నాయి. కొన్ని సైట్లు క్రోమ్‌లోనే తెరవండి అని మొండికేస్తాయి, వాటికోసం క్రోమ్‌ని ఒక మూల ఉంచుకో, తీసేయొద్దు. మొజిల్లాకు వచ్చే డబ్బులో ఎక్కువ భాగం కూడా ఫైర్‌ఫాక్స్‌లో తన సెర్చ్ పెట్టినందుకు గూగుల్ ఇచ్చేదే, అది నాకు నచ్చదు, అయినా ఉన్నవాటిలో నేను దీన్నే నమ్ముతా. చెల్లెమ్మది ఐఫోన్ కాబట్టి అందులో ఫైర్‌ఫాక్స్ వేసినా యూబ్లాక్ రాదు, లోపల ఆపిల్ ఇంజినే ఉంటుంది. ఆ ఫోన్లో సఫారీకే మంచి బ్లాకర్ పెట్టుకోమను.

మార్చడానికి పది నిమిషాలు చాలు. ల్యాప్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్ వేయగానే క్రోమ్‌లో ఉన్న బుక్‌మార్కులు తెచ్చుకోమంటావా అని అదే అడుగుతుంది, సరే అను. యూబ్లాక్ వేసేటప్పుడు పక్కన 'ఆరిజిన్' అని ఉందో లేదో చూసుకో, అట్లాంటి పేరుతోనే వేరేవి కనపడొచ్చు. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ యాప్స్‌కి పోయి బ్రౌజర్ దగ్గర ఫైర్‌ఫాక్స్ పెట్టు, ఇది మర్చిపోతే వాట్సాప్‌లో లింకు నొక్కినప్పుడంతా మళ్ళీ క్రోమే తెరుచుకుంటుంది. మెనూలు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు, నాయనకు అట్లే పెట్టినా.

ఆదివారం చిత్తూరు పోతా ఉండా, మీ అమ్మ ఫోన్ నేనే మార్చి వస్తా, నువ్వు ఒక మాట ఫోన్ చేసి చెప్పు, లేకపోతే ఫోన్ ఇవ్వదు ఆయమ్మ. నీ ల్యాప్‌టాప్‌లో ఏ సైటన్నా తెరుచుకోకపోతే ఆ పేజీ ఫోటో తీసి పంపించు, చూస్తా. గంగమ్మ జాతరకు వస్తా ఉండావు కదా?

నీ
మచ్చా