మ్యూజియంలో పెన్సిల్ పట్టుకుంటే ఎందుకు ఆపాలి?

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య ఒక మ్యూజియంలో రాతి విగ్రహం ముందు నిలబడి బొమ్మ వేసుకుంటుంటే సెక్యూరిటీ ఆయన వచ్చి పుస్తకం మూసేయమన్నారు. ఫోన్‌తో ఎన్ని ఫొటోలైనా తీసుకోవచ్చట, పెన్సిల్‌తో గీయకూడదట. ఆ రూల్ ఎక్కడ రాసుందని అడిగితే ఆయనకూ తెలియదు. ఆయన్ని తప్పుపట్టను, ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. కానీ ఆ రోజు చాలా బాధేసింది, అందుకే ఈ ఉత్తరం.

నేను ఏ ఊరు వెళ్లినా ముందు అక్కడి మ్యూజియంలో రెండు మూడు వస్తువులు గీసుకుని, ఆ తర్వాతే వీధుల్లో పడతాను. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో మొహెంజొదారో నర్తకి కంచు బొమ్మ ఉంది కదా, పాఠ్యపుస్తకంలో చూసి పెద్ద విగ్రహమే అనుకునేదాన్ని, తీరా చూస్తే 10.5 సెంటీమీటర్లే. ఫొటో తీసుకుని వెళ్లిపోతే ఆ ఒక్క ఆశ్చర్యమే మిగిలేది. గీయడం మొదలుపెట్టాక గానీ కనిపించలేదు, ఎడమ చేతికి భుజం నుంచి మణికట్టు దాకా గాజులే, నడుం మీద ఆనించిన కుడి చేతికి మాత్రం నాలుగే. బరువంతా ఒక కాలి మీద వేసి రెండో మోకాలు కాస్త వంచి నిలబడిన ఆ తీరు ఎంతకీ కుదరక చెరిపి చెరిపి వేశాను. సాయంత్రం బస్టాపులో చూద్దును కదా, ఒకమ్మాయి అచ్చం అలాగే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది! దాదాపు 4,500 ఏళ్ల నాటి బొమ్మను పొద్దున గీయకపోయుంటే ఆ అమ్మాయి నిలబడిన తీరు నా కంటికి ఆనేదే కాదు. ఆ ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చిన స్కెచ్ అదే.

సిరా, వాటర్ కలర్స్, పొడి రాలే బొగ్గు లోపలికి వద్దంటే అర్థం చేసుకోగలను, అవి వస్తువుల మీద పడితే మరక పోదు. పెన్సిల్‌తో ఏం నష్టం? రంగుల పేర్లు బొమ్మ పక్కనే రాసుకుంటే గదికి వెళ్లాక వేసుకోవచ్చు, నేను చేసేది అదే. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం 1793లో తెరిచినప్పటి నుంచీ అక్కడి చిత్రాలు చూసి వేసుకునేవాళ్లకు చోటిస్తోంది, ఇప్పటికీ అనుమతి తీసుకుని ఈజిల్, అంటే బొమ్మ ఆనించే స్టాండు, పెట్టుకుని మరీ వేస్తారు.

చూసి గీసుకోవడం ఉత్త కాలక్షేపమని కొందరంటారు, నేను ఒప్పుకోను. 1816 నుంచి ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ మనుషులు అమరావతి స్తూపం శిల్పాలను ఒక్కొక్కటిగా గీశారు. ఆ రాళ్లలో చాలా వరకు సున్నం కోసం కాల్చేశారు, కొన్ని శిల్పాలు ఎలా ఉండేవో ఈ రోజు మనకు ఆ బొమ్మల్లోనే తెలుస్తోంది.

మ్యూజియంవాళ్లను కోరేది ఒక్కటే. పెన్సిల్‌తో గీసుకోవచ్చని గేటు దగ్గర బోర్డు పెట్టండి, సిబ్బందికీ ఆ మాట చెప్పండి. వీలైతే పక్కకు జరిగి కూర్చునేందుకు ఒక చిన్న స్టూలు.

మీకూ ఒక మనవి. మీ పర్యాటక పేజీలో అన్నీ ఫొటోలే ఉంటున్నాయి, నెలకొకసారైనా పాఠకులు ప్రయాణాల్లో వేసిన స్కెచ్ ఒకటి అచ్చు వేయండి. గీతలు వంకరగా ఉన్నా సరే, ఏ వస్తువు చూసి వేశారో, అందులో ఏం గమనించారో రెండు ముక్కలు రాయమనండి. నా నర్తకి బొమ్మ పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

— ఒక పాఠకురాలు